మంచు అడుగున పంచదార

తెలుగులో మంచు ఒక్కటే మాట. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున పొలాలను కమ్మేది మంచే, గడ్డిపరక మీద నిలిచే బొట్టూ మంచే, హిమాలయాల మీద కురిసేదీ మంచే. కశ్మీర్‌లో గుల్‌మార్గ్ పైనున్న అఫర్వాత్ కొండకు స్కీ టూరింగ్‌కు వెళ్లేవారికి మాత్రం ఆ ఒక్క మాట చాలదు. కాలి కిందిది ఎప్పుడు పడిన మంచు, ఆ తర్వాత ఎలాంటి రాత్రులు గడిచాయి అన్నది వాళ్లకు ప్రాణంతో సమానమైన విషయం.

కేబుల్ కారు సాయం లేకుండా సొంత కాళ్లతో కొండ ఎక్కి, స్కీల మీద జారుతూ దిగడమే స్కీ టూరింగ్. ఎక్కేముందు స్కీల అడుగున అంగోరా మేక వెంట్రుకలతోనో నైలాన్‌తోనో చేసిన పట్టీ అంటిస్తారు. దాని నూగంతా వెనక్కి వాలి ఉంటుంది. పిల్లి వీపు నిమిరి చూడండి, అర్థమవుతుంది. ముందుకు జరిపితే సాఫీగా సాగుతుంది, వెనక్కి జారబోతే వెంట్రుకలు లేచి మంచును పట్టుకుంటాయి.

గుల్‌మార్గ్ ఎత్తు సుమారు 2,650 మీటర్లు. అఫర్వాత్ శిఖరం 4,000 మీటర్లు దాటుతుంది. కిలోమీటరు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది కాబట్టి కింద సున్నా ఉంటే పైన మైనస్ తొమ్మిది. చలికాలంలో మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే, పశ్చిమ అలజడులు అని పిలిచే తుఫానులు ఇక్కడ మంచు కురిపిస్తాయి. ఉదయం ఎండ, మధ్యాహ్నానికి కళ్ల ముందు చెయ్యి కనిపించనంత తెలుపు.

మబ్బు పడితే అందరూ భయపడతారు. అంతకంటే ఎక్కువ భయపడాల్సింది చుక్కలు నిండిన నిర్మలమైన రాత్రులకని నేను నమ్ముతాను. మబ్బు దుప్పటి లేనప్పుడు మంచు పైపొర తన వేడినంతా ఆకాశానికి వదిలేసి మైనస్ 15 డిగ్రీలకు పడిపోవచ్చు. అడుగున నేల మాత్రం దాదాపు సున్నా దగ్గరే ఉంటుంది. మంచు మందం అరమీటరే అయితే ఆ కొద్ది దూరంలోనే 15 డిగ్రీల తేడా! దాంతో అడుగుపొరలోని నీటి ఆవిరి పైకి కదులుతూ, ఒకదానికొకటి అంటని పలుకులుగా మళ్లీ గడ్డకడుతుంది.

పారతో గుంత తవ్వితే ఆ పొర కంటికే కనిపిస్తుంది. పైన పిడికిలి దిగే కొత్త మంచు, దాని కింద గాలి అణిచిన గట్టి పలక, అడుగున తళతళలాడే పంచదార. గుప్పెట్లోకి తీసుకుని నొక్కితే ఉండ కట్టదు. పాకం చాలని రవ్వలడ్డులా వేళ్ల సందుల్లోంచి రాలిపోతుంది. దాని మీద రెండు రోజులు మంచు కురిసి, గాలి మరికొంత తెచ్చి పోసిందంటే ఒక్క మనిషి బరువు చాలు. పంచదార పొర కుప్పకూలి, పగులు పక్కలకు పరుగెత్తి, పలకంతా మంచుచరియగా జారుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులు దీనికి అనువైనవి. స్కీయర్లు ఇష్టపడేవీ అవే.

2023 ఫిబ్రవరి 1న అఫర్వాత్ మీద మంచుచరియ విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు మరణించారు. మంచులో కూరుకుపోయినవారిని పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే చాలామంది బతుకుతారు. ఆ తర్వాత ఊపిరాడక ఆశ వేగంగా సన్నగిల్లుతుంది. అందుకే ఒంటికి కూరుకుపోయిన చోటు తెలిపేలా 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే సంకేత పరికరం, వీపున పార, గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ లేకుండా ఎవరూ బయలుదేరకూడదు.

ఒక్కోసారి కొండే ముందుగా చెబుతుంది. అడుగు వేయగానే పాదాల కింద 'భుమ్' అని బరువైన శబ్దం వచ్చి, చుట్టూ మంచు అంగుళం కుంగుతుంది. లోపలి పొర కూలిన చప్పుడది. నిలబడిన చోటు చదునుగా ఉంది కాబట్టి ఏమీ జారలేదు. శిఖరం ఇంకా రెండు వందల మీటర్లే ఉన్నా అనుభవమున్న జట్టు అక్కడే ఆగి, పట్టీలు ఊడదీసి మడిచి, ఏటవాలు లేని దారిన ఫర్ చెట్ల వైపు దిగిపోతుంది.