సౌత్ సూడాన్‌లో యూఎన్ డ్యూటీ: అపోహలు - వాస్తవాలు

ఆర్మీలో ఉన్న కొడుక్కి యూఎన్ (ఐక్యరాజ్యసమితి) శాంతి పరిరక్షణ మిషన్ వచ్చిందనగానే ఇంట్లోవాళ్లకు గుర్తొచ్చేవి డాలర్లు, లేదంటే తూటాలు. సౌత్ సూడాన్‌లోని మలకాల్ పట్టణంలో మన బెటాలియన్‌తో ఉండి వచ్చాను కాబట్టి, వెళ్లబోయే కుర్రాళ్లు ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతుంటారు. అక్కడ జవాన్లను ఎక్కువగా సతాయించేవి బురద, ఏమీ తోచని సాయంత్రాలు, ఇంటి ఫోను.

అపోహ: ఏడాది చేసొస్తే ఇల్లు కట్టేయొచ్చు.

వాస్తవం: ఒక్కో సైనికుడి లెక్కన ఐక్యరాజ్యసమితి నెలనెలా డబ్బు ఇస్తుంది (2022 జులైలో పెట్టిన రేటు 1,448 డాలర్లు). అది వెళ్లేది మన ప్రభుత్వానికి, జవాను ఖాతాలోకి కాదు. మనకొచ్చేది మామూలు జీతం, మన ప్రభుత్వం ఇచ్చే విదేశీ భత్యం, యూఎన్ నేరుగా ఇచ్చే రోజుకు 1.28 డాలర్లు. నాలుగు డబ్బులు మిగులుతాయి, నిజమే. ఆ ధీమాతో ముందే అప్పు తెచ్చి స్లాబు వేయకండి.

అపోహ: రోజూ కాల్పులే.

వాస్తవం: ప్రమాదం లేదని నేననను. 2013 ఏప్రిల్‌లో జోంగ్లే రాష్ట్రంలో కాన్వాయ్‌పై జరిగిన దాడిలో మనవాళ్లు ఐదుగురు, డిసెంబరులో అకోబోలో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. అయినా ఎక్కువ రోజులు గడిచేది పెట్రోలింగ్, గార్డు డ్యూటీ, బండ్ల మెయింటెనెన్స్‌తోనే.

అసలు పరీక్ష వానాకాలం. మలకాల్ నేల నల్లరేగడి. కర్నూలు, ఆదిలాబాద్ వైపు పెరిగినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, చెప్పు దిగితే ఊడి రాదు. మే నుంచి అక్టోబరు దాకా రోడ్లు ఎప్పుడు మూసుకుపోతాయో తెలియదు, హెలికాప్టరో నైలు మీద పడవో దిక్కు. సరుకు ఆలస్యమైతే లంగర్‌లో (ఆర్మీ వంటశాలలో) తాజా కూరగాయలు పోయి పప్పు, టిన్నులు మిగులుతాయి. సబ్బులు, కాళ్ల పగుళ్లకు మందు, ఇంటి పచ్చడి ముందే సర్దుకోండి. సాయంత్రం వాలీబాల్ ఆడకుండా ఫోన్ పట్టుకుని గదిలో పడుకునేవాడే అందరికంటే ముందు డీలా పడతాడు.

అపోహ: యూఎన్ నీలం టోపీ పెట్టుకుంటే తుపాకీ వాడకూడదు.

వాస్తవం: పౌరుల్ని కాపాడటానికి బలం వాడే అధికారం భద్రతా మండలే ఇచ్చింది.

అపోహ: ఫోన్ రాలేదంటే ఏదో జరిగినట్టే.

వాస్తవం: నెట్‌వర్క్ పోయి ఉంటుంది, లేదా వాడు డ్యూటీలో ఉంటాడు. అక్కడ రాత్రి తొమ్మిదంటే మనకు పన్నెండున్నర. అక్కడి సాయంత్రం ఆరు, ఇక్కడి తొమ్మిదిన్నర అని ఒక టైమ్ పెట్టుకుంటే ఇద్దరికీ కుదురుతుంది. రెండు మూడు రోజులు పలక్కపోయినా టెన్షన్ పడొద్దని వెళ్లేముందే అమ్మకు, భార్యకు చెప్పండి. టీవీలో ‘సూడాన్’ అనగానే ఏడుపు మొదలుపెట్టే ఇళ్లు నాకు తెలుసు. 2023 ఏప్రిల్‌లో ఖార్టూమ్‌లో మొదలైన యుద్ధం సూడాన్‌ది. సౌత్ సూడాన్ 2011 జులై 9నే వేరే దేశమైంది. మ్యాప్ తీసి ఒకసారి చూపించండి.

అపోహ: స్థానికులతో ఎలా ఉన్నా అడిగేవాళ్లుండరు.

వాస్తవం: డబ్బో తిండో ఆశచూపి ఆడవాళ్లను వాడుకోవడాన్ని యూఎన్ 2003 నిబంధనలు ఖచ్చితంగా నిషేధించాయి. దొరికితే వెనక్కి పంపడం, ఇక్కడ విచారణ. దీంట్లో సానుభూతి చూపించేదేమీ లేదు.

అపోహ: ఇంటికి తిరుగు విమానం ఎక్కాక మలేరియా మాత్రలు ఆపేయొచ్చు.

వాస్తవం: డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్ లాంటివి ఇంటికొచ్చాక కూడా 4 వారాలు వేసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకుండా మన ఎయిర్‌పోర్టులో దిగితే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. కాబట్టి ఆ కార్డు పెట్టెలో వేయకుండా పాస్‌పోర్టుతోనే పెట్టుకోండి.