రేకు వంగితే చాలదు, సాగాలి

ఫోర్డ్ సంస్థ 1932లో సామాన్యులకు అందే ధరలో, 65 అశ్వశక్తి గల వి-8 ఇంజిన్‌తో ఒక కారును విడుదల చేసింది. దక్షిణ కాలిఫోర్నియా యువకులు ఆ కార్లను పాతబడ్డాక కొని, మడ్‌గార్డులు ఊడదీసి బరువు తగ్గించి, ఎండిపోయిన సరస్సుల మైదానాలలో పందేలకు దింపారు. అవే హాట్ రాడ్‌లు. నేడు ఇంటి షెడ్డులో అటువంటి కారును కట్టుకునేవారికి ఇంజిన్ కన్న బాడీయే కష్టం. ఎందుకంటే కర్మాగారంలో భారీ ప్రెస్సులు అచ్చొత్తిన వంపులను వారు కొయ్య సుత్తితో, ఇసుక సంచితో, రేకును రెండు చక్రాల మధ్య ఒత్తే ఇంగ్లిష్ వీల్‌తో రాబట్టాలి.

రేకును గొట్టంలా చుట్టడం సులువే. దాని వైశాల్యం మారదు. బుర్రకాయలా రెండు దిశలలోనూ వంచాలంటే మాత్రం ఎక్కడో ఒకచోట సాగడమో, కుదించుకుపోవడమో తప్పదని జర్మన్ గణితవేత్త గాస్ 1827లో గణితపరంగా నిరూపించాడు. మన దొన్నె కుట్టేవారికి ఈ సంగతి చేతివేళ్లకు తెలుసు: ఆకు సాగదు కనుక అంచును మడిచి పుల్ల గుచ్చుతారు. రేకు పనివాడూ అంచున అలాగే మడత పెడతాడు గాని, పుల్లకు బదులు ఆ మడత విప్పుకోకుండా సుత్తితో అణచివేస్తాడు. అప్పుడు అంచు కుదించుకుపోయి మందమవుతుంది. నడిమి భాగాన్ని సాగదీయడం రెండో మార్గం. మీటరు వ్యాసం గల చదును బిళ్ల అంచును కదలకుండా పట్టి, నడుమ 10 సెంటీమీటర్లు ఉబ్బేలా కొడితే, వైశాల్యం సుమారు 4 శాతం పెరుగుతుంది, మందం సగటున అంతే తగ్గుతుంది.

కొట్టేకొద్దీ రేకు మొండికేస్తుంది. లోహ స్ఫటికాలలోని అణువుల వరుసలలో 'డిస్‌లొకేషన్' అనే లోపాలు ఉంటాయని, అవి పక్కకు జరగడం వల్లనే లోహం ఆకారం మారుతుందని టేలర్, ఒరోవాన్, పొలాన్యీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఎవరికి వారుగా 1934లో, అంటే ఆ ఫోర్డ్ కారు వచ్చిన రెండేళ్లకు, ప్రతిపాదించారు. సుత్తి దెబ్బలకు ఈ లోపాలు విపరీతంగా పెరిగి, ఒకదాని దారికి మరొకటి అడ్డుపడతాయి. ఇంకా కొడితే రేకు చిట్లుతుంది. అందుకే మధ్యలో కాల్చి మెత్తబరుస్తారు. ఇత్తడి బిందెలు కొట్టే మన కంచరులు ఎప్పటినుంచో చేస్తున్నదీ ఇదే. ఉక్కు ఎర్రబడి తన వేడిని చెబుతుంది. అల్యూమినియం పగటి వెలుగులో ఎర్రబడకుండానే కరిగిపోతుంది కనుక, దానికి ముందుగా ఎసిటిలిన్ మంట మసి పూసి, తర్వాత వేడిచేస్తూ ఆ మసి మాయమైన క్షణాన మంట తీసేస్తారు. ఈ చిట్కా కనిపెట్టినవారెవరో గాని, గొప్ప బుద్ధిశాలి.

సాగదీత ఎక్కువైతే రేకు డబ్బా మూతలా టక్కుమని లోపలికి, బయటికి కదులుతుంది. అప్పుడు నాణెమంత చోటును ఎర్రగా కాలుస్తారు. చుట్టూ ఉన్న చల్లని లోహం వ్యాకోచానికి చోటివ్వక పోవడంతో అది అక్కడే మందమై, చల్లారాక ముడుచుకుంటుంది. లప్పంతో కప్పిపుచ్చడం సులువే గాని, అది రేకు పని కాదు. చివరగా చదునైన ఆకురాయిని మెల్లగా నడిపితే ఎత్తులు మెరుస్తాయి, పల్లాలు మసకగా మిగులుతాయి. ఆ మసక మచ్చలను కింద నుంచి ఒక్కొక్కటే పైకి తడతారు.