లెట్-7 నుంచి ఇన్సులిన్ దాకా: చిన్న ఆర్‌ఎన్‌ఏల వెనుక కథ

ఇన్సులిన్‌కూ చిన్న ఆర్‌ఎన్‌ఏలకూ ఉన్న సంబంధం ఒక పురుగు దగ్గర మొదలవుతుంది. సి. ఎలిగన్స్ అనే ఆ పురుగు పొడవు మిల్లీమీటరే. డాఫ్-2 జన్యువు దెబ్బతింటే అది రెట్టింపు కాలం బతుకుతుందని 1993లో సింథియా కెన్యన్ బృందం చూపింది. అదే ఏడాది విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ బృందాలు అదే పురుగులోని లిన్-4 అనే జన్యువు గుట్టు విప్పాయి. ఆ జన్యువు ప్రోటీన్ తయారు చేయదు. దాని నుంచి 22 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ముక్క మాత్రం వస్తుంది. అది ప్రోటీన్ తయారీ ఆదేశాన్ని మోసుకుంటూ మరో జన్యువు నుంచి వచ్చే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకి అతుక్కుని, ప్రోటీన్ తయారీని తగ్గిస్తుంది.

ఈ చిన్న ఆర్‌ఎన్‌ఏ ఆ పురుగుకే పరిమితమైన వింత అనుకున్నవాళ్లే ఎక్కువ. 1997లో రవ్‌కున్ ల్యాబ్ డాఫ్-2ను చదివితే, అది మన ఇన్సులిన్ రిసెప్టర్‌కు, అంటే కణం మీద ఇన్సులిన్‌ను అందుకునే ప్రోటీన్‌కు చుట్టమని తేలింది. 2000లో అదే ల్యాబ్ లెట్-7 అనే రెండో చిన్న ఆర్‌ఎన్‌ఏను కనిపెట్టింది. అది ఈగలోనూ ఉంది, మనిషిలోనూ ఉంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏలని పిలిచే ఇలాంటి చిన్న ఆర్‌ఎన్‌ఏల వేట అసలు ఊపందుకున్నది ఇక్కడే.

2004లో మార్కస్ స్టోఫెల్ బృందం క్లోమంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ-375ను గుర్తించింది. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లో దాన్ని పెంచితే ఇన్సులిన్ విడుదల తగ్గింది, అడ్డుకుంటే పెరిగింది. అయితే పూర్తిగా తీసేస్తే మేలే కదా అనిపిస్తుంది. 2009లో ఎలుకల్లో అదీ చేసి చూశారు. బీటా కణాలే తగ్గిపోయి, రక్తంలో చక్కెర పెరిగింది! ఈ రంగంలో నన్ను అన్నిటికంటే కదిలించే ఫలితం ఇదే. 375ను మంచిదనీ అనలేం, చెడ్డదనీ అనలేం. ఎంత ఉందన్నదే ముఖ్యం.

2011లో దృష్టి ఇన్సులిన్ తయారీ నుంచి, దాని మాట వినాల్సిన కణాల మీదికి మళ్లింది. ఊబకాయం ఉన్న ఎలుకల కాలేయంలో 103, 107 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏల జంట పెరుగుతుందనీ, వాటిని ఆపితే ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తుందనీ స్టోఫెల్ బృందమే చూపింది. లెట్-7 కూడా మళ్లీ తెరమీదికొచ్చింది. అది ఇన్సులిన్ రిసెప్టర్‌నీ, దాని సంకేతాన్ని లోపలికి అందించే ఐఆర్‌ఎస్-2నీ తగ్గిస్తుంది. ఎరిక్ ఓల్సన్ బృందం లావెక్కిన ఎలుకల్లో లెట్-7ను అడ్డుకుంటే, చక్కెర అదుపు మెరుగుపడింది.

మరి వీటిని అడ్డుకునే చక్కెర వ్యాధి మందు ఎందుకు రాలేదు? ఒక్కో మైక్రో ఆర్‌ఎన్‌ఏ వందల జన్యువులను తాకుతుంది. పైగా కణితులు పెరగకుండా కాసే పని కూడా లెట్-7దే. చక్కెర కోసం దాన్ని ఏళ్ల తరబడి అణచి ఉంచడం అంత తేలిగ్గా తీసుకునే నిర్ణయం కాదు.