గుహలో అందరికీ అన్నం పెట్టేది గబ్బిలమే

పిల్లలూ,

ఎండ పొడ తగలని గుహలో, గడ్డిపరక కూడా మొలవనిచోట అన్ని పురుగులు ఏం తిని బతుకుతాయి తాతయ్యా అని అడిగారు కదా, ఫోన్లో చెప్తే సరిపోదని రాస్తున్నా.

బోర్నియో దీవిలో మలేషియా వైపు సారవాక్ రాష్ట్రం ఉంది, అక్కడే గునుంగ్ ములు నేషనల్ పార్క్. మన బెలుం గుహలు మూడు కిలోమీటర్ల పైచిలుకు, ములులో క్లియర్‌వాటర్ అనే ఒక్క గుహే 200 కిలోమీటర్లు దాటింది! అదంతా సున్నపురాయి. వాననీళ్ళు గాల్లో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కాస్త పులుపెక్కి ఆ రాయిని కరిగిస్తూ పోతాయి, పక్కనున్న ఇసుకరాయి కొండ మీంచి వచ్చే వాగులు లోపల దూరి తొలిచేస్తాయి, నేల పైకి లేచేకొద్దీ నీళ్ళు ఇంకా కిందకి దారి చేసుకుంటాయి, పాత దారులు పైన ఎండిపోయి మిగిలాయి. 1981లో ముగ్గురు బ్రిటిష్ వాళ్ళు ఒక గుహలో పోతూ పోతూ అవతలి గోడకి లైటు కూడా అందని చోట తేలారు, కొలిస్తే 600 మీటర్ల పొడవు, 400 మీటర్ల పైన వెడల్పు. అదే సారవాక్ చాంబర్.

ఇక తిండి సంగతి. డీర్ కేవ్ అని ఇంకోటుంది, కప్పుకి దాదాపు 30 లక్షల గబ్బిలాలు వేలాడతాయి. సాయంత్రం అయితే చాలు, గుంపులు గుంపులుగా మెలికలు తిరుగుతూ బయటికొస్తాయి, బయట డేగలు కాచుకుని ఉంటాయి, చిక్కినదాన్ని గాల్లోనే పట్టేస్తాయి. మిగతావి రాత్రంతా అడవి మీద పురుగుల్ని తిని తిరిగొచ్చి రెట్ట వేస్తాయి. కింద గుట్టలుగా పడ్డ ఆ రెట్టే బొద్దింకలకి, పేడపురుగులకి తిండి, వాటిని సాలీళ్ళు, జెర్రులు తింటాయి. అంటే ఆ చీకట్లో ఉన్న తిండి చాలావరకు అడవి నుంచి వచ్చిందే, అడవి పోతే గుహ కూడా పోతుంది. గబ్బిలం ఇంట్లోకొస్తే అరిష్టం అంటారు మనవాళ్ళు, ములులో అది రాకపోతే గుహంతా పస్తే.

గబ్బిలాలు బయటికెళ్ళే వేళకి స్విఫ్ట్‌లెట్ అనే చిన్న పిట్టలు లోపలికొస్తాయి. చీకట్లో టిక్ టిక్ టిక్ అని చప్పుడు చేసి, ఆ ప్రతిధ్వనితోనే దారి పట్టుకుంటాయి. గబ్బిలాలదీ అదే పద్ధతి, కాకపోతే వాటి అరుపులు ఎక్కువగా మన చెవికి అందవు, ఈ పిట్టలవి చక్కగా వినిపిస్తాయి.

పెద్దయ్యాక ఎప్పుడైనా వెళ్తే ఐదింటికల్లా గుహ ముందు కూర్చోండి. వాన పడితే గబ్బిలాలు బయటికి రాకపోవచ్చు, మర్నాడు మళ్ళీ వెళ్ళండి.

మీ తాతయ్య