చీటీలు వేసి మొదలుపెట్టండి

మారతహళ్ళి, బెంగళూరు

చిరంజీవులకు ఆశీస్సులు.

తీవ్రవాదం వైపు ఎవరూ పోకుండా మీ కాలేజీలో పెట్టాలనుకుంటున్న కార్యక్రమం కాగితం చదివాను. ర్యాలీ, పోలీసు అధికారి ప్రసంగం, ప్రతిజ్ఞ, పోస్టర్ల పోటీ, చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం. టీ, సమోసాల లెక్క కూడా పైసలతో సహా ఉంది. ఎవరిలో ఏ మార్పు రావాలన్న ముక్క మాత్రం ఎక్కడా కనపడలేదు.

ముందు ఒక పని కొట్టేయండి. 'అనుమానాస్పదంగా ఉన్న విద్యార్థులను గుర్తించడం' అని మూడో పేజీలో రాశారే, అది. లెక్క వేసి చూడండి. లక్ష మందిలో నిజంగా హింసకు దిగేవాళ్ళు 10 మంది అనుకుందాం. మీ పరీక్ష ఆ పదిలో 9 మందిని పట్టేస్తుంది, మిగతావాళ్ళలో నూటికి ఐదుగురి మీదే పొరపాటున వేలు చూపిస్తుంది. చాలా మంచి పరీక్షే! అయినా తొమ్మిది మంది కోసం దాదాపు 5,000 మంది అమాయకుల పేర్లు జాబితాకెక్కుతాయి. ఆ జాబితా సంగతి బయటికి పొక్కిన రోజున మీతో మనసు విప్పి మాట్లాడేవాడు ఒక్కడూ మిగలడు. పైగా ఘాటైన అభిప్రాయాలున్న వాళ్ళలో చాలామంది ఎన్నడూ ఎవరి మీదా చెయ్యెత్తరు. ఎవరైనా ఫలానావాళ్ళని కొడతానని, చంపుతానని చెబితే మాత్రం మీ కార్యక్రమంతో పని లేదు. కౌన్సెలర్‌కి చెప్పండి, ప్రమాదం దగ్గర్లో ఉంటే 112కి ఫోన్ చేయండి.

మరి మీరు మార్చగలిగింది ఏమిటి? 2012 ఆగస్టులో మీరింకా పలకలు పట్టే వయసు. ఈశాన్య రాష్ట్రాల వాళ్ళ మీద దాడులు జరగబోతున్నాయని ఎస్సెమ్మెస్‌లు తిరిగాయి. రెండు మూడు రోజుల్లోనే వేలమంది మూటాముల్లె సర్దుకుని బెంగళూరు స్టేషన్‌కి చేరారు, గువాహటికి ప్రత్యేక రైళ్ళు వేయాల్సి వచ్చింది. కేంద్రం 15 రోజులపాటు ఒకేసారి ఐదుకు మించి ఎస్సెమ్మెస్‌లు పంపకుండా కట్టడి పెట్టింది. ఇలాంటి పుకారు రేపు మీ గ్రూపులో పడితే, ముందుకు తోయకుండా ఆ వర్గానికి చెందిన క్లాస్‌మేట్‌కి ఫోన్ చేసి కనుక్కోవాలి. మీరు పట్టుకోవాల్సిన మార్పు ఇదీ. దానికి ముందు అతని నంబరు ఉండాలి, అడిగే చనువు ఉండాలి. ఆ చనువు కలిసి పనిచేస్తేనే వస్తుంది. 'ఇది చేస్తే ఇది జరుగుతుంది, ఎందుకంటే' అని ఇలా మెట్టు తర్వాత మెట్టు రాయండి. ప్రతిజ్ఞని ఏ మెట్టు మీద పెడతారో నాకైతే తోచలేదు.

కలిపి పనిచేయించడం ఎంతవరకు పనికొస్తుందో ఇరాక్‌లో పరీక్షించారు. ఐసిస్ తీవ్రవాదుల దెబ్బకు ఊళ్ళు వదిలిన క్రైస్తవ ఆటగాళ్ళలో కొందరిని పూర్తి క్రైస్తవ ఫుట్‌బాల్ జట్లలో, కొందరిని ముస్లింలు కలిసిన జట్లలో చీటీలు వేసినట్టు వేశారు. పరిశోధకురాలు సల్మా మూసా చేసిన ఈ అధ్యయనం 2020లో సైన్స్ పత్రికలో వచ్చింది. కలిసి ఆడినవాళ్ళు తర్వాత కూడా ముస్లింలతో కలిసి సాధన చేశారు, క్రీడాస్ఫూర్తి బహుమతికి వాళ్ళకి ఎక్కువగా ఓటేశారు. కానీ ముస్లింలు ఎక్కువగా ఉండే మోసుల్ నగరంలోని హోటల్‌కి వెళ్ళి భోంచేయడం దగ్గరికొచ్చేసరికి పెద్ద తేడా కనిపించలేదు. తెలిసిన ముస్లింతో స్నేహం కుదిరింది, తెలియని ముస్లిం మీద నమ్మకం మాత్రం అంతగా పెరగలేదు. మీరు కూడా ఇంతకు మించి ఆశించకండి.

మీ పని ఇలా మొదలుపెట్టండి. పన్నెండు సెక్షన్లుంటే చీటీలు వేసి ఆరింటికి ఈ సెమిస్టర్‌లో, మిగతా ఆరింటికి వచ్చే ఏడాది చేయండి. ఎవరికీ అన్యాయం జరగదు, పోల్చి చూసుకోడానికి మీకు జత దొరుకుతుంది. చీటీల్లేకుండా, ఉత్సాహం చూపిన సెక్షన్లనే ముందు తీసుకున్నారంటే మీ ఫలితం చెత్తబుట్టకే: ఆ ఉత్సాహం మీరు రాకముందే అక్కడుంది. ఎనిమిది వారాలు, వారానికి గంటన్నర, భాషలూ మతాలూ కలిసిన ఐదారుగురి జట్లకి ఒక పని అప్పగించండి. అది ఎవరికి వారు విడిగా చేస్తే తెమలని పని అయ్యుండాలి.

కొలతలు, కార్యక్రమం మొదలుకాక ముందోసారి, అయ్యాక ఓసారి, ఆరు నెలలకి ఓసారి తీసుకోండి. 'మీకు అన్ని మతాలూ సమానమేనా?' అని అడిగితే కాదనేవాడు ఎవడు? క్యాంటీన్‌కి వెళ్ళి చూడండి. మనవాళ్ళంతా ఒక బల్ల, కన్నడం వాళ్ళు ఒక బల్ల, హిందీ వాళ్ళు ఒక బల్ల. పేర్లు రాయకుండా, కలిసి కూర్చున్న బల్లలు ఎన్నో వరసగా నాలుగు మంగళవారాలు లెక్కపెట్టండి. స్పోర్ట్స్ ఫెస్ట్‌కి కలిపిన జట్టులో ఎందరు పేరిచ్చారో చూడండి. లెక్కపెట్టేవాళ్ళు నడిపేవాళ్ళు కాకూడదు, ఏ సెక్షన్ ఏ సగంలో ఉందో వాళ్ళకి తెలియకపోతే ఇంకా నయం. నలభై మందితో మొదలై ఇరవై ఇద్దరే చివరిదాకా మిగిలితే, ఆ ఇరవై ఇద్దరి సగటు చూపించి మురిసిపోకండి. కావాల్సిన మార్పు రానివాళ్ళే ముందు మానేసి ఉంటారు.

ఫీడ్‌బ్యాక్ ఫారం మీద మీకున్న నమ్మకం గురించి ఇంకొకటి. అమెరికాలో కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ అని ఓ పాత కార్యక్రమం ఉంది. 1939లో మొదలుపెట్టి, 500 మందికి పైగా అబ్బాయిలను రెండు సగాలు చేసి, ఒక సగానికి సలహాదారులను పెట్టి ఏళ్ళ తరబడి ఆదుకున్నారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత పరిశోధకురాలు జోన్ మెకార్డ్ ఆరా తీస్తే, సాయం అందుకున్న వాళ్ళలో ఎక్కువమంది అది తమకి మేలు చేసిందన్నారు. రికార్డులు తిరగేస్తే తాగుడు, రెండోసారి నేరం వాళ్ళలోనే ఎక్కువ! దీనికి తర్వాత పరిశోధకులు చెప్పిన ఒక కారణం, పిల్లలను ఒకచోట చేర్చిన వేసవి శిబిరాలు. అల్లరి చేస్తే మెచ్చుకునే ప్రేక్షకులు అక్కడ సిద్ధంగా ఉంటారు. అందుకే మీ పద్దులో 'ఆవేశపరులకు ప్రత్యేక బ్యాచ్' అన్న వరస కూడా కొట్టేయండి. వాళ్ళని మిగతావాళ్ళలో విడివిడిగా కలపండి.

కాగితం మార్చి పంపేటప్పుడు మొదటి పేజీలోనే ఒక వాక్యం రాయండి: ఏ అంకె వస్తే ఈ కార్యక్రమం ఆపేస్తారో. కొలతలు చేతికొచ్చాక ఆ వాక్యం రాస్తానంటే ఒప్పుకోను.

మీ
పెదనాన్న