"180 పాయింట్లు తీశాను, ఇంకేం కావాలి సార్?"

ప్రతి ఏడాదీ భూగోళశాస్త్రం విద్యార్థుల్లో ఎవరో ఒకరు ఫీల్డ్‌వర్క్ అంతా ముగించుకుని, కొలతలు నింపిన ఎక్సెల్ షీటుతో వచ్చి ఈ మాట అంటారు. వెంటనే రెండో ప్రశ్న: "ఇప్పుడు ఏ టెస్ట్ చేయాలి?"

అపోహ: శాంపిల్ ఎంత పెద్దదైతే ఫలితం అంత గట్టిది.

వాస్తవం: రీడింగులు ఒకదానిమీద ఒకటి ఆధారపడనప్పుడే ఆ మాట నిజం. భూగోళశాస్త్రంలో అదే దొరకదు. దగ్గరున్నవాటి మధ్య పోలిక దూరపువాటి మధ్య కన్నా ఎక్కువని 1970లో భూగోళశాస్త్రవేత్త వాల్డో టోబ్లర్ చెప్పింది ఇందుకే. మట్టి తేమను రెండేసి అడుగులకొకసారి కొలిస్తే రెండో రీడింగ్ చాలావరకు మొదటిదానికి నకలే. స్టాండర్డ్ ఎర్రర్ (మన అంచనా ఎంత అటూ ఇటూ ఊగొచ్చో చెప్పేది) ఉండాల్సినదానికన్నా తగ్గిపోతుంది, పీ-వాల్యూ (సంబంధమేమీ లేకపోయినా ఇలాంటి ఫలితం వచ్చే అవకాశం) ముచ్చటగా చిన్నదిగా వస్తుంది, లేని సంబంధం ఉన్నట్టు కనిపిస్తుంది.

నేనూ ఇందులో పడ్డవాణ్ణే. పైన రాసిన 180 అనే అంకె నేను విద్యార్థిగా తీసిన పాయింట్లదే. నడవడానికి వీలుగా ఉందని ఒకే వాలు మీద, ఒకే కాలిబాట వెంట తీశాను. వైవాలో ఎగ్జామినర్ ఒక్కటే అడిగారు: "వీటిలో కొత్త సంగతి చెప్పేవి ఎన్ని?" నోట మాట రాలేదు. ఇంటికొచ్చి రెసిడ్యువల్స్‌కి (మోడల్ అంచనాకీ అసలు రీడింగుకీ మధ్య తేడాలు) మొరాన్స్ ఐ (దగ్గరి విలువలు ఒకదాన్నొకటి ఎంత పోలి ఉన్నాయో చెప్పే అంకె) లెక్కేస్తే, సున్నా దగ్గర ఉండాల్సింది 0.7 దాటింది.

కాబట్టి బయల్దేరకముందే మ్యాపు మీద పాయింట్లు పెట్టుకోండి. వాలు, నేల రకం బట్టి భాగాలు చేసుకుని, ఒక్కో దాంట్లో ర్యాండమ్‌గా. ఇప్పటికే తీసేశారా? టెన్షన్ పడకండి. కొన్ని పాయింట్లు వదిలేయొచ్చు, స్పేషియల్ రిగ్రెషన్ (దగ్గరి పాయింట్ల మధ్య పోలికను కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి) వాడొచ్చు. చాలాసార్లు మళ్లీ ఫీల్డ్‌కి వెళ్లక్కర్లేదు.

"శాంపిల్‌లో 30 ఉంటే చాలట" అని దయచేసి నా దగ్గర అనకండి. అది శాంపిల్ సగటులు ఎలా పరుచుకుంటాయనేదాని గురించిన మోటు లెక్క. మీ ప్రశ్న ఏమిటో దానికి తెలియదు.

ప్రాంతాల సగటుల్లో కనిపించిన సంబంధం మనుషుల్లోనూ ఉంటుందనుకోవడం ఇంకో పొరపాటు. 1930 అమెరికా జనాభా లెక్కలతో రాబిన్సన్ అనే పరిశోధకుడు 1950లోనే దీన్ని తేల్చాడు. విదేశాల్లో పుట్టడానికీ నిరక్షరాస్యతకీ సహసంబంధం రాష్ట్రాలవారీగా -0.53, వ్యక్తులవారీగా +0.12. గుర్తే తిరగబడింది!

పీ-వాల్యూ 0.05 లోపు వస్తే విషయం రుజువైనట్టా? కాదు. ఇంటర్వ్యూలు పరిశోధన కాదా? ఎందుకు కాదు, పరిశోధనే.

ఇక "మ్యాథ్స్ రాదు సార్" అని కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు. ఆ భయం నాకు తెలుసు. మొరాన్స్ ఐ నాకు అర్థమైంది గ్రాఫ్ పేపర్ మీద తొమ్మిది గడులు గీసుకుని చేత్తో వేసినప్పుడే. కూడికలు, గుణకారాలు, ఒక భాగహారం. ఒక సాయంత్రం పట్టింది.