అరటిపండు వాసన ఎవరిది?

మొన్న ఎండాకాలంలో అనంతపురంలో మా మేడమీద ఏడుగురం కూర్చున్నాం. బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు సెలవుకు వచ్చినాడు. అక్కడి బ్రూవరీల పుణ్యమా అని వాడి నాలుక మా నాలుకల కంటే ఎక్కువ చదువుకుంది. గోధుమ బీరు ఒక గుక్క వేసి, "మామా, అరటిపండు వాసన వస్తాంది సూడు" అన్నాడు. అంతే! అప్పటిదాకా "బాగుంది, సల్లగుంది" తప్ప వేరే మాట రాని మాకందరికీ ఒకేసారి అరటిపండు తగిలింది. పక్కనున్న లాగర్ అనే మామూలు బీరులో కూడా మా బావమరిదికి పులివెందుల తోట కనబడింది.

లాగర్ సంగతి వదిలేయండి గానీ గోధుమ బీరులో ఆ వాసన నిజమే. అందులో ఎవరూ పండు వెయ్యరు. జర్మనీలోని బవేరియా పద్ధతి గోధుమ బీరుకు వాడే ఈస్ట్ పులిసేటప్పుడు ఐసోఅమైల్ అసిటేట్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. మిఠాయిల్లో వేసే అరటిపండు ఎసెన్సు ఘాటు కూడా దాందే. అదే ఈస్ట్ లవంగం వాసననిచ్చే ఇంకో పదార్థాన్నీ వదులుతుంది. ఈత కల్లు పొద్దున ఒక రుచి, సాయంత్రానికి ఇంకో రుచి కావడం వెనక కూడా ఈస్టూ బ్యాక్టీరియా చేసే ఇలాంటి పనే ఉంది.

ఇవన్నీ నాలుకకు తెలిసే సంగతులు కావు. ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క మింగండి. చేదు, పులుపు, కొంచెం తీపి, గ్యాసు చురుకు మాత్రమే మిగులుతాయి. వేళ్లు తీయగానే గొంతు వెనకనుంచి వాసన ముక్కులోకి ఎక్కి అరటిపండు తిరిగొస్తుంది. ఐసులో పెట్టి గడ్డకట్టించినంత చల్లగా తాగితే ఆ వాసనలు గ్లాసు దాటి రావు. కాసేపు బయట పెట్టమంటారు తెలిసినవాళ్లు. మా ఊళ్లో మే నెలలో ఆ పని ఎండే చూసుకుంటుంది.

చేదు మాత్రం నాలుకదే. హాప్స్ పువ్వుల్ని మరిగిస్తే వాటిలోని ఆల్ఫా ఆమ్లాలు రూపం మార్చుకుని బాగా చేదెక్కుతాయి. ఐపీఏ అనే చేదు బీరు గొప్పంతా హాప్స్‌లోనే ఉంది. మనుషుల్లో చేదును పసిగట్టే గ్రాహకాలు దాదాపు 25 రకాలు, వాటి జన్యువులు అందరికీ ఒకేలా ఉండవు. 1931లో అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో పీటీసీ అనే పొడి గాల్లోకి లేచింది. పక్కనున్నాయనకు నోరంతా చేదు, ఫాక్స్‌కు ఏమీ లేదు. కాబట్టి "ఇంత చేదు ఎట్లా తాగుతావురా" అనేవాడూ, "చేదేదిరా" అనేవాడూ ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు.

మా ఊరి ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ పక్కన పెట్టుకుంటే ఇంకో తిరకాసు. మిరపలోని క్యాప్సైసిన్ ఏ గ్రాహకాన్ని రెచ్చగొడుతుందో, ఆల్కహాలూ దాన్నే రెచ్చగొడుతుంది. మంట ఆర్పడానికని బీరు పోస్తే మంటకు తోడు దొరికినట్టే. మజ్జిగే నయం.

మా ఏడుగురి అరటిపండు సంగతి మాత్రం గ్రాహకాలతో తేలదు. 2006లో లీ, ఫ్రెడరిక్, ఏరియలీ అనే పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. బీరులో కొన్ని చుక్కల బాల్సమిక్ వెనిగర్ కలిపి ఇచ్చారు. సంగతి తెలియకుండా తాగినవాళ్లలో చాలామందికి అదే నచ్చింది. ముందే చెబితే మొహం చిట్లించారు. తాగాక చెబితే ఇష్టం పెద్దగా తగ్గలేదు. మాట ముందొస్తే రుచినే మార్చేసింది, వెనకొస్తే ఏమీ చెయ్యలేకపోయింది. మా వాడు "అరటిపండు" అన్నది మేము మింగకముందే.

మరుసటి వారం స్టీలు గ్లాసులు తెచ్చాను, రంగు కనబడకుండా. మూడు గ్లాసులు, రెండింట్లో ఒకటే లాగర్, మూడోదాంట్లో వేరే కంపెనీ లాగర్. వేరేది ఏదో చెప్పాలి. ముగ్గురు సరిగ్గా చెప్పి మీసం మెలేశారు. కళ్లు మూసుకుని ఏదో ఒకటి చూపించినా ఏడుగురిలో సగటున ఇద్దరికి పైగా సరిపోతుందని నేను లెక్క చెబితే మెలేసిన మీసాలు దిగాయి. ఇంత చిన్న గుంపుతో ఏం తేలుతుందన్న ప్రశ్న కూడా బీరు కార్ఖానాలోనే పుట్టింది. గిన్నెస్‌లో పనిచేసిన విలియం గాసెట్ 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో ప్రచురించిన లెక్కే ఇవాళ కాలేజీల్లో స్టాటిస్టిక్స్‌లో చెప్పే టీ-టెస్టుకు మూలం.

తర్వాత గోధుమ బీరు, లాగర్ పోసి చీటీలు పంచాను. రాసేదాకా ఎవరూ నోరు తెరవకూడదు. విప్పి చూస్తే అరటిపండు ఒకే ఒక్క చీటీలో ఉంది, మేనల్లుడిది. లాగర్ గ్లాసుకు ఎదురుగా.